పడుతున్న సంగతి దాచుకోవద్దు
కాళ్ళ నరాల జబ్బు, సదరం పరీక్ష గురించి మాట్లాడిన పాఠం



అరికాళ్ళు మండుతాయి. సూదులు గుచ్చినట్టు ఉంటుంది, రాత్రి నిద్ర పట్టదు. చెప్పు జారిపోయినా తెలియదు. నడుస్తూ నడుస్తూ కాలు పట్టు తప్పి పడిపోతారు. చూసేవాళ్ళకు మాత్రం కాలు బాగానే కనిపిస్తుంది. "నీకేమైంది, బాగానే ఉన్నావు గదా" అంటారు. ఆ మాటకు జంకి చాలామంది సదరం శిబిరంలో కూడా పడుతున్న సంగతి చెప్పరు. మీరు అలా చేయొద్దు.

ముందు వైద్యం

సర్టిఫికెట్ వచ్చేదాకా వైద్యం ఆపొద్దు. నరాలు దెబ్బతినడానికి షుగరే ఎక్కువగా కారణం. బీ12 లోపం, మద్యం, కుష్ఠు, వెన్నుపూస దగ్గర నరం నొక్కుకుపోవడం కూడా కారణాలే. మెట్‌ఫార్మిన్ ఏళ్ళ తరబడి వాడేవారిలో బీ12 తగ్గొచ్చు, డాక్టరుగారిని అడగండి. నరాల నొప్పి మాత్రలతో మత్తు, తూలు రావచ్చు. వస్తే చెప్పండి, సొంతంగా ఒక్కసారిగా మానేయకండి.

కాళ్ళ బలం కొద్ది గంటల్లో, రోజుల్లో తగ్గిపోతున్నా, మూత్రం, మలం మీద అదుపు తప్పినా, ఒక పక్క కాలూ చేయీ పడిపోయినా ఆగొద్దు. వెంటనే 108కి ఫోన్ చేయండి.

సదరం పరీక్షలో

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం 40 శాతం, ఆ పైన వైకల్యం ఉంటే పథకాలకు లెక్క. ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ భరోసా కింద 2024 జూలై నుంచి దివ్యాంగుల పింఛను నెలకు 6,000 రూపాయలు. స్లాట్ కోసం గ్రామ, వార్డు సచివాలయంలో అడగండి.

నొప్పి ఎంత ఉందో కొలిచే మిషను లేదు. డాక్టర్లు కాలి కండరాల బలం, కీళ్ళ కదలిక చూస్తారు. చదునుగా ఉన్నచోట, ఏటవాలులో నడవగలరా, మెట్లెక్కగలరా, ఒంటికాలి మీద నిలబడగలరా, గొంతుక్కూర్చోగలరా, మఠం వేసుకోగలరా అని చూస్తారు. కాబట్టి "నొప్పిగా ఉందండీ" అని ఆగిపోకండి. "బావి దగ్గరికి వెళ్ళలేను, గోడ పట్టుకోకుండా తిరగలేను" అని ఉన్నది ఉన్నట్టు చెప్పండి. లేనిది కలపొద్దు, ఉన్నది తగ్గించొద్దు.

ఇవాళ్టి నుంచే ఒక నోటుబుక్కులో రాయండి: ఏ తేదీన పడ్డారు, ఎక్కడ పడ్డారు, ఏ దెబ్బ తగిలింది. రాయడం రాకపోతే పిల్లల చేత రాయించండి. ఆ పుస్తకం, ఓపీ చీటీలు, నరాల పరీక్ష కాగితాలు, ఆధార్ తీసుకెళ్ళండి. తోడుగా ఇంట్లోవాళ్ళను తీసుకెళ్ళండి. మీరు మరిచిపోయింది వాళ్ళు చెప్తారు. శాతం వేయిస్తామని డబ్బు అడిగేవాళ్ళను దగ్గరికి రానీయకండి. సర్టిఫికెట్ తాత్కాలికమైతే దాని మీది గడువు తేదీ గుర్తుపెట్టుకోండి.

ఇంట్లో

రాత్రి లేవగానే నడవకండి. మంచం మీద కాసేపు కూర్చుని, కాళ్ళు ఆడించి, లైటు వేసి లేవండి. మరుగుదొడ్డి గోడకు గట్టి పట్టుగొట్టం పెట్టించండి. తడి నేల తుడిపించండి. ఒక కాలే బలహీనంగా ఉంటే చేతికర్ర రెండో వైపు చేత్తో పట్టుకోవాలి. మొద్దుబారిన కాలికి వేడి కాపడం వద్దు, కాలినా తెలియదు. రోజూ అరికాళ్ళు చూసుకోండి, వెనక పట్టీ ఉన్న చెప్పులు వేసుకోండి.

పడితే తొందరపడి లేవొద్దు. ఇంట్లోవాళ్ళు చెయ్యి పట్టి లాగొద్దు. దెబ్బ పెద్దది కాదనుకుంటే పక్కకు తిరిగి, మోకాళ్ళ మీదికొచ్చి, కుర్చీ పట్టుకుని మెల్లగా లేవండి. తుంటి దగ్గర నొప్పితో కాలు కదపలేకపోతే కదలకుండా ఉండి 108ని పిలవండి.

పడడం సిగ్గుపడే విషయం కాదు. డాక్టరుకు చెప్పండి, ఆశా కార్యకర్తకు చెప్పండి, ఇంట్లోవాళ్ళకు చెప్పండి. ఈ పీడీఎఫ్ చదవలేని పక్కింటి పెద్దవాళ్ళకు చదివి వినిపించండి. సెలవు.