వేగం చాలదు, అవగాహన కావాలి

 

1982లో అమెరికాలో వచ్చిన కమోడోర్ 64 అనే ఇంటి కంప్యూటర్‌ను నేటి యంత్రాల మీద ఉన్నదున్నట్టు నడిపించగలమా? తగిన ఆదేశాలిస్తే ఒకే యంత్రం ఇతర గణన యంత్రాల పనులన్నీ చేయగలదని అలన్ ట్యూరింగ్ 1936లోనే చూపించాడు. పైగా కమోడోర్ మెమరీ 64 కిలోబైట్లే. దాని ప్రాసెసర్ వేగం సెకనుకు సుమారు పది లక్షల క్లాక్ సైకిళ్లు. మీ చేతిలోని ఫోన్ దానికి వేల రెట్లు వేగవంతమైనది. అయినా చిక్కంతా సమయపాలనలో ఉంది. యూరప్ నమూనాలో తెర మీద ఒక్కో గీతకు 63 సైకిళ్లు పట్టేవి. సాధారణంగా ఎనిమిది గీతలకొకసారి బొమ్మలు గీసే చిప్ ప్రాసెసర్‌ను 40 సైకిళ్లకు పైగా ఆపి, మెమరీని తాను వాడుకునేది. ఆనాటి ప్రోగ్రామర్లు ఆ విరామాన్ని సైతం లెక్కగట్టి, గీత మధ్యలో రంగులు మార్చేవారు. ఎమ్యులేటర్, అంటే ఒక యంత్రాన్ని మరో యంత్రం మీద అనుకరించే ప్రోగ్రాము, ఆదేశాలను అమలుచేసి విరామాలను వదిలేస్తే బొమ్మ చెదిరిపోతుంది. వైస్ వంటి ఎమ్యులేటర్లు చిప్ నడకను సైకిల్ సైకిల్‌కూ అనుసరిస్తాయి కనుకనే ఆ ప్రోగ్రాములు నేటికీ నడుస్తున్నాయి. పనిని సాధ్యం చేసింది ఆ యంత్రాన్ని కూలంకషంగా చదివిన మనుషుల అవగాహనే.

కమోడోర్ ధ్వని చిప్‌లోని అనలాగ్ ఫిల్టర్ చిప్‌కూ చిప్‌కూ తేడాగా పలికేది, దాన్ని అచ్చంగా ఎలా అనుకరిస్తారని అడగవచ్చు. అది న్యాయమైన ప్రశ్నే. కానీ అసలు చిప్‌లే ఒకదానితో ఒకటి సరిపోలనప్పుడు, ఆ తేడాల పరిధిలో నిలిచిన అనుకరణను విఫలమనలేం. పాత ఆటల కోసం ఇంత శ్రమ దేనికని మరికొందరంటారు. కానీ ఇది ఆటలకే పరిమితమైన సమస్య కాదు. బ్రిటన్‌లో బీబీసీ 1986లో డోమ్స్‌డే ప్రాజెక్టు పేరిట దేశ జీవనాన్ని లేజర్ డిస్కులకెక్కించింది. పదిహేనేళ్లు గడిచేసరికి వాటిని చదవగల యంత్రాలే అరుదైపోయాయి. లీడ్స్, మిషిగన్ విశ్వవిద్యాలయాల పరిశోధకులు ఎమ్యులేషన్‌తో ఆ సమాచారాన్ని మళ్లీ తెరమీదికి తెచ్చారు. ఆ ప్రాజెక్టుకు పేరిచ్చిన, ఇంగ్లండ్ భూముల సర్వే అయిన 1086 నాటి అసలు డోమ్స్‌డే గ్రంథాన్ని మాత్రం ఇప్పటికీ నేరుగా చదవవచ్చు. యూనికోడ్‌కు ముందటి ఫాంట్లలో కూర్చిన తెలుగు పుస్తకాల ఫైళ్లకూ ఈ ప్రమాదముంది. ఆ ఫాంటు లేకుంటే అక్షరాలు అర్థంలేని గుర్తులుగా కనిపిస్తాయి.

కనుక పట్టాలు అందుకుంటున్న మిత్రులారా, మీరు నిర్మించే ప్రతి వ్యవస్థకూ అది ఎలా పనిచేస్తుందో, ఎక్కడ తడబడుతుందో వివరంగా రాసిపెట్టండి. అందరికీ అందుబాటులో ఉంచండి. మీ తర్వాత వచ్చేవారికి మీరు చెల్లించాల్సిన బాకీ అది.