మనుమడడిగిన ల్యాప్‌టాప్



వానకాలపు వరికోతలు ముగిసి, ధాన్యము మిర్యాలగూడ మిల్లులకు చేరి, డబ్బు చేతికి వచ్చు దినములలో సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతముల యిండ్లలో ఒక క్రొత్త కోరిక వినవచ్చుచున్నది. కాలేజీలో చదువుకొను మనుమడు తాతగారి మంచము ప్రక్కకు వచ్చి నిలుచును. "తాతా, నాకొక ల్యాప్‌టాప్ కావాలె. గేములు ఆడుకుంట, పాటలు గూడ చేస్త" అనును. వెల యెంత యని యడిగిన 80,000 రూపాయలనును. తాతగారికి ఆటయు నచ్చదు, పాటయు నచ్చదు, వెల అసలే నచ్చదు. అయినను కాదనుటకు నోరు రాదు. అట్టి వారి కొరకు ఈ నాలుగు మాటలు చెప్పదలచితిని.

మొదట మనకు తెలిసిన లెక్కలోనికి ఆ సొమ్మును మార్చి చూతము. 2025-26 వానకాలపు పంటకు ఏ-గ్రేడు ధాన్యముపై కేంద్ర ప్రభుత్వము నిర్ణయించిన మద్దతు ధర క్వింటాలుకు 2,389 రూపాయలు. ఆ లెక్కన 80,000 రూపాయలనగా ముప్పదిమూడున్నర క్వింటాళ్ల వడ్లు. సాగరు ఎడమకాలువ క్రింద రమారమి ఎకరమున్నర దిగుబడి. అదియు ఎరువులు, కూలి, కోతయంత్రపు బాడుగ తీయకముందటి మాట. ఇంతటి ధాన్యమును ఒక పెట్టెకు మార్చునప్పుడు పిల్లవాని మాట ఒక్కటియే చాలదు. అంగడివాని మాట అంతకన్నను చాలదు.

ఆట యనగానే పెద్దలకు పందెములు జ్ఞప్తికి వచ్చుట సహజము. ఫోనులో పందెములాడి అప్పులపాలైన వారి వార్తలు మనము చదువుచునే యున్నాము. తెలంగాణమున 2017లోనే అట్టి ఆన్‌లైన్ పందెములను నిషేధించిరి. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికిని డబ్బుతో ఆడు ఆన్‌లైన్ ఆటలను నిషేధించుచు చట్టము చేసినది. మీ మనుమడు సాధారణముగా అడుగునది అది కాదు. కార్ల పోటీ, క్రికెట్టు, యుద్ధము మొదలైన బొమ్మల ఆటలు. పందెపు జాడ్యమునకు 80,000 రూపాయల యంత్రమక్కరలేదు, పదివేల ఫోనే చాలును. కావున ఆ భయముతో యంత్రమును మాన్పినచో జాడ్యము మానునని తలంపవలదు. రాత్రులు నిద్ర చెడగొట్టుకొని ఆడుట మాత్రము వేరు సంగతి. దానిని అంగడివాడు సరిచేయలేడు, ఇంటివారే చూచుకొనవలెను.

ఇక యంత్రము సంగతి. దానిలో చూడదగినవి నాలుగు. లెక్కలు చేయు మెదడు ప్రాసెసరు. తెరపై బొమ్మలు గీయునది గ్రాఫిక్సు చిప్పు. పని జరుగుచున్నంతసేపు సామాను పరచుకొను అరుగు వంటిది ర్యాము. సరకు నిలువచేయు గాదె వంటిది ఎస్ఎస్‌డీ. ఆటకు అన్నిటికన్న ముఖ్యము గ్రాఫిక్సు చిప్పు. పాటకు దానితో దాదాపు పనియే లేదు. ప్రాసెసరును, ర్యామును, వీటికి తోడు నిశ్శబ్దమును కావలెను. ఒకే పెట్టె రెండు పనులకు కావలెనన్నప్పుడు చిక్కు ఇక్కడనే వచ్చుచున్నది. ఏలన, బలమైన గ్రాఫిక్సు చిప్పు వేడెక్కును. వేడి పోవుటకు ఫ్యానులు పెద్దగా తిరుగును. తిరిగిన ఫ్యాను రొద చేయును.

గ్రాఫిక్సు చిప్పు పేరు చూచి మోసపోవలదు. మధ్యరకపు యంత్రములలో తరచుగా వినబడు ఎన్విడియా వారి ఆర్‌టీఎక్స్ 4050 అను చిప్పునే చూడుడు. అదే పేరుతో 35 వాట్లకు కట్టుబడి నడచునదియు కలదు, 115 వాట్ల వరకు నడచునదియు కలదు. ఏ యంత్రమున ఎన్ని వాట్లన్నది దానిని తయారుచేసినవారి నిర్ణయము. ఐదు హార్స్‌పవరు మోటారని పేరున్నను లైనులో వోల్టేజి లేనిచో బోరునుండి నీరు రాదు గదా! అట్లే యిదియు. కావున "ఈ చిప్పు ఎన్ని వాట్లది?" అని అడుగుడు. చెప్పలేని అంగడివాని యొద్ద తొందరపడవలదు.

పాట సంగతి కొంచెము నిదానముగా చెప్పవలసియున్నది, ఏలన నష్టము అక్కడ కంటికి కనబడదు.

కోదాడ దగ్గర నాకెరిగిన యొక యింట పిల్లవాడు ఇట్లే యంత్రము కొనెను. ఉన్న సొమ్మంతయు యంత్రమునకే పెట్టి, మైకుకు గాని హెడ్‌ఫోనులకు గాని ఏమియు మిగుల్చుకొనలేదు. ఆ యింటి ముసలమ్మకు బతుకమ్మ పాటలు చాల వచ్చును. మనుమడు ఆమెను కూర్చుండబెట్టి, యంత్రములో నున్న చిన్న మైకుతోనే రెండు దినములు పాటలు పట్టెను. ఆ మైకునకు బెత్తెడు దూరమున ఫ్యాను తిరుగుచుండెను. పాట చివర ఆమె గొంతు తగ్గించిన చోటులన్నియు ఆ రొదలో కలసిపోయినవి. మరుసటి యేడు బతుకమ్మ పండుగకు ముందే ఆమె కాలము చేసెను. ఫ్యానును నెమ్మదింపజేయు మీట ఆ యంత్రముననే యున్నదని పిల్లవానికి తరువాత తెలిసినది. ఆ పాటలు ఆ యింట మరెవ్వరికిని రావు.

యంత్రమునకు వెలుపల పెట్టు సామాను విలువ ఇంతటిది. కావున 80,000 రూపాయలలో 15,000 తీసియుంచుడని నా సలహా. ఆ సొమ్ములో సాధారణపు తరగతి మైకు, గొంతును యంత్రమునకు చేర్చు ఆడియో ఇంటర్‌ఫేసు అను చిన్న పెట్టె, చెవులు మూయు హెడ్‌ఫోనులు సర్దుకొనవచ్చును. మైకునకు పొడుగు తీగ యుండును గనుక యంత్రమును గదికి ఆవల పెట్టవచ్చును. మిగిలిన 65,000లో వచ్చు గ్రాఫిక్సు చిప్పు ఒక మెట్టు తక్కువది కావచ్చును. ఆటలో బొమ్మల మెరుగు కొంత తగ్గును, అంతియే.

ఆ చిన్న పెట్టెకు ఇంకొక ప్రయోజనము కలదు. యంత్రము ధ్వనిని సెకనుకు 48,000 ముక్కలుగా కొలిచి, వానిని మోపులు మోపులుగా కట్టి పనిచేయును. మోపుకు 1,024 ముక్కలైనచో ఒక మోపు నిండుటకే 21 మిల్లీసెకండ్లు పట్టును. ధ్వని సెకనుకు సుమారు 340 మీటర్లు పోవును గనుక, అది ఏడు మీటర్ల దూరమున మ్రోగిన డప్పును వినినట్లు. దురాజుపల్లి పెద్దగట్టు జాతరలో భేరీలు వాయించినవారికి తెలియును, తన దెబ్బ తనకే ఆలస్యముగా వినబడినచో తాళము నిలువదు. మోపును 128 ముక్కలకు తగ్గించినచో ఆలస్యము మూడు మిల్లీసెకండ్లకు లోబడును. కాని ప్రాసెసరు అంత వేగముగా అందుకొనలేనిచో ధ్వని చిటపటలాడును. ఇంటర్‌ఫేసుతో వచ్చు సాఫ్టువేరు ఈ పనిని చాలవరకు సుకరము చేయును.

ర్యాము 16 జీబీకి తగ్గరాదు. తరువాత పెంచుటకు చోటున్నదో, చిప్పును పలకకే అతికించివేసిరో కనుగొనుడు. నిలువకు 512 జీబీ మొదట చాలుననిపించును గాని, నాణ్యమైన పద్ధతిలో ఒక్క గొంతు నిమిషమునకు ఎనిమిదిన్నర ఎంబీలకు పైగా తీసికొనును. ఐదు నిమిషముల పాటలో నలుబది వరుసలున్నచో 1.7 జీబీ. పెద్ద ఆటలు ఒక్కొక్కటి 100 జీబీలకు పైగా కూడ ఆక్రమింపవచ్చును. ఆపిల్ వారి మాక్‌బుక్ ఎయిర్‌లో 2020 చివరినుండి ఫ్యానే లేదు, పాటకు దివ్యముగా నుండును; కాని వెల యెక్కువ, దానిపై ఆడదగిన ఆటలు తక్కువ. పాట కూర్చు సాఫ్టువేరును దొంగతనముగా దింపుకొనవలదని పిల్లవానికి చెప్పుడు; దానితోబాటు యంత్రమునకు రోగములు వచ్చును. రీపర్ అనునది 60 దినములు ఉచితముగా పరీక్షింపనిత్తురు, తరువాతను వెల స్వల్పమే.

బిల్లు లేక తక్కువకిత్తుమన్నచో పోవలదు. ల్యాప్‌టాప్ వెలపై 18 శాతము జీఎస్‌టీ కలదన్నది నిజమే, కాని బిల్లు లేనిది వారంటీ నిలువదు. చెడిపోయినచో మీ పిన్‌కోడునకు మరమ్మతువాడు వచ్చునా, లేక యంత్రమును మీరే హైదరాబాదునకో విజయవాడకో మోసికొని పోవలయునా యని ముందే అడుగుడు. సూర్యాపేటనుండి హైదరాబాదు సుమారు 135 కిలోమీటర్లు. ఒక స్క్రూ కొరకు అంత దూరము పోయిరావలసి వచ్చును.

కొనుటకు పోవునప్పుడు మీరును వెంట పొండు. పిల్లవానిచేత ఒక బరువైన ఆట పావుగంట ఆడించి, ఫ్యాను తిరుగుచుండగా చేయిపెట్టు చోటు ఎంత వేడెక్కెనో తాకి చూడుడు. తరువాత ఆట మూయించి, ఫ్యానును నెమ్మదింపజేయు మీట చూపుమని అంగడివానిని అడుగుడు. అప్పుడు మీరు నాలుగు చరణములు మెల్లగా పాడి, పిల్లవానిచేత పట్టించి, హెడ్‌ఫోనులు మీ చెవులకే పెట్టుకొని వినుడు. మీ గొంతు వెనుక గాలి రొద వినబడినచో ఆ యంత్రమును అక్కడనే వదలి రండు. ప్రక్క అంగడి తెరచియే యుండును.

సెలవు.