జెరాష్ శిథిలములు – అజ్లూన్ దుర్గము
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగము)



జోర్డాన్ దేశమునకు రాజధాని అమ్మాన్. బైబిలు చదివినవారికి ఆ దేశపు నదిని యొర్దాను అన్నచో వెంటనే తెలియును. అమ్మోనీయుల రబ్బా పట్టణమే నేటి అమ్మాన్. గ్రీకుల కాలమున దానికి ఫిలదెల్ఫియ యని పేరు. అచట బస చేసినవారు ప్రొద్దుననే ఒక కారు కుదుర్చుకొని ఉత్తరముగా బయలుదేరినచో, చీకటి పడునప్పటికి రెండు వింతలు చూచి మరలి రావచ్చును. ఒకటి రోమకుల నాటి పట్టణము. రెండవది కొండమీది కోట. గుంపుతో పోవువారు పిలిచినప్పుడెల్ల లేచి పోవలెను. సొంతముగా బండి మాట్లాడుకొన్నవారికి ఒక రాతి యొద్ద అరగంట కూర్చుండు స్వేచ్ఛ కలదు. శిథిలములు చూచుటకు ఆ అరగంటయే ముఖ్యము.

అమ్మానుకు సుమారు 48 కిలోమీటర్ల దూరమున జెరాష్ కలదు. దారిలో జర్కా నది లోయ దాటవలెను. యాకోబు కథలోని యబ్బోకు రేవు ఈ నదిదే. జెరాష్ ప్రాచీన నామము గెరస. సువార్తలలో దెకపొలి యని చెప్పబడిన పది పట్టణముల కూటమిలో ఇది యొకటి. క్రీ.పూ. 63లో పాంపే యను సేనాని ఈ ప్రాంతమును రోమక రాజ్యమున చేర్చెను. క్రీ.శ. 129–130 శీతకాలమున హేడ్రియన్ చక్రవర్తి ఇచటికి వచ్చినప్పుడు, ఊరికి దక్షిణమున గొప్ప రాతి తోరణము నెత్తిరి. ఊరు అంతవరకు పెరుగవలెనని వారి తలంపట. అది పెరుగలేదు, తోరణము మాత్రము పొలిమేరలోనే నిలిచిపోయినది. ఆ శతాబ్దముననే కృష్ణాతీరమున శాతవాహనుల యేలుబడిలో అమరావతి స్తూపమునకు చలువరాతి శిల్పములు చెక్కుచుండిరి.

కోట ద్వారము దాటి లోపలికి పోగానే స్తంభములు చుట్టి నిలిచిన విశాలమైన అండాకారపు ముంగిలి కనబడును. దాని నుండి ఉత్తరముగా ఎనిమిది వందల మీటర్ల రాజవీథి సాగిపోవును. ఆ బండలపై రథచక్రముల గాడులు నేటికిని కలవు. వీథి క్రింద మురుగు నీరు పోవుటకు కాలువ కట్టిరి. కొండవాలున ఉన్న దక్షిణ నాటకశాలలో మూడు వేలకు పైబడిన జనము కూర్చుండవచ్చును. క్రింది వరుసలలో ఆసనములకు గ్రీకు అక్షరములతో సంఖ్యలు వేసియున్నారు. రెండువేల యేండ్ల క్రిందటనే, ‘ఇది నా చోటు’ అను తగవు రాకుండ ఏర్పాటు జరిగినదన్నమాట!

ఆ ఊరి శాసనములు చదివినవారికి ఒక సంగతి విశదమగును. ఈ కట్టడములన్నియు చక్రవర్తి బొక్కసము నుండి వచ్చినవి కావు. ఊరిలో కలిగినవారు తలకొంత వేసికొని కట్టించినవి పెక్కులు. దాత పేరు, అతని తండ్రి పేరు, ఏ భాగమున కిచ్చెనో ఆ వివరము రాతిపై చెక్కించిరి. చందాల జాబితా ఎరిగిన గ్రంథాలయ సభ్యులకు ఇది వింతగా తోచదు.

ఇక ఆ రాళ్ళ గతి యేమైనది? అర్తెమిస్ దేవత ఆలయపు ముందు స్తంభములు పదునొకండు ఇంకను నిలిచియున్నవి. స్తంభము క్రింది సందున చెంచా నుంచి దారి చూపువారు చూపుదురు. గాలికి స్తంభము రవంత ఊగగా చెంచా లేచి పడుచుండును. ఊగుటచేతనే అవి భూకంపములకు తాళినవని చెప్పుదురు. కాని ఊరివారు క్రైస్తవులైన పిదప పాత ఆలయముల రాళ్ళు చర్చీల గోడలలో చేరినవి. ఆరవ శతాబ్దమున ఆలయ ప్రాకారములోనే నీటి చక్రముతో నడచు రాతికోత రంపమును పెట్టిరి. సగము కోసి విడిచిన స్తంభపు దిమ్మెలు అచట దొరకినవి. దేవతకై చెక్కిన కంబము నేలపై పరచు పలకగా మారుచుండగా పని నిలిచిపోయినది.

749లో వచ్చిన భూకంపము పట్టణములో పెక్కు భాగమును కూల్చివేసినది. జనము పలుచబడిరి, మన్ను కప్పినది. 1806లో సీట్జెన్ అను జర్మను యాత్రికుడు వచ్చి ఇది గెరస యని పాశ్చాత్యులకు తెలిపెను. 1878లో కాకసస్ పర్వతముల నుండి తరిమివేయబడిన సర్కాసియనులు వాగునకు తూర్పు దరిని ఇండ్లు కట్టుకొనిరి. చేతికందిన రాయి గోడలలో పెట్టిరి. పాత పట్టణపు తూర్పు భాగము నేటి ఊరి క్రింద పడినది. వారిని దూషించుట తేలిక. ఇల్లు వాకిలి పోగొట్టుకొని పిల్లలతో వచ్చినవాడు రాతిపై నున్న గ్రీకు అక్షరములు చదువుచు కూర్చుండునా? చదువురానివానికి శాసనము రాయియే. మన అమరావతిలోను పదునెనిమిదవ శతాబ్దాంతమున చెక్కిన పలకలను త్రవ్వి క్రొత్త కట్టడములకు మోసికొనిపోయిరి. కొన్ని సున్నమునకై కాలిపోయినవి. మెకంజీ దొర 1797లో వచ్చి చూచి, తరువాత చిత్రములు వ్రాయించుటచేత కొంత తెలిసినది. మిగిలినవానిలో పెక్కింటిని చెన్నపట్టణపు మ్యూజియములోను, లండనులోను చూడవలెను. అచట వలస వచ్చినవారు తీసిరి, ఇచట ఊరివారే తీసిరి. ఏది ఎక్కువ తప్పు?

మధ్యాహ్నము మీద కారు పడమటి కొండలకు తిరుగును. ఓలివు తోటలు, సింధూర వృక్షముల అడవి, గిలాదు దేశమిదియే. అజ్లూన్ కోటను 1184లో సలాదీన్ సుల్తాను సేనాని ఇజ్జుద్దీన్ ఉసామా కట్టించెను. శిలువ యోధులను యొర్దాను లోయ దాటనీయకుండుట, దగ్గరి ఇనుప గనులను కాపాడుట దీని పనులు. దీనికొక కథ కలదు. ఆ కొండ ఔఫ్ తెగ వారిది. ‘మీ రక్షణకే కట్టుచున్నాను’ అని ఉసామా వారిని నమ్మించి, కట్టుట ముగియగానే పెద్దలను విందునకు పిలిచి చెరసాలలో వేసెనట. పట్టణమునకు దాతల పేర్లు మిగిలినవి. కోటకు ఈ విందు మిగిలినది.

రాత్రి మంటలతోను, పావురములతోను యూఫ్రటీసు తీరపు వార్త కైరోకు ఒక్కనాటిలో అందునట్లు ఏర్పరచిన కోటల వరుసలో అజ్లూన్ ఒకటి. 1260లో మంగోలులు దీనిని పాడుచేయగా బైబర్స్ సుల్తాను బాగుచేయించెను. యుద్ధములు దూరమైన పిదప కోట ఇల్లయినది. 1812లో బర్క్‌హార్ట్ అను యాత్రికుడు వచ్చునప్పటికి ఒకే వంశమువారు నలుబది మంది వరకు అందు కాపురముండిరి. 1837, 1927 భూకంపములు గోడలను కూల్చినవి.

పై అంతస్తు నుండి చూచినచో పడమట యొర్దాను లోయ పొగమంచులో తెల్లగా కనబడును. లోపలి పాత ద్వారముపై చెక్కిన పక్షి బొమ్మలు కలవు; అవి వార్తలు మోసిన పావురములని కొందరందురు. అచట వెలుగు తగ్గగానే కారువాడు క్రింద నుండి కేక వేయును. జర్కా లోయ చేరునప్పటికి అమ్మాన్ కొండలపై దీపములు వెలుగుచుండును.