చెరువు చేపలకు మూలికల మేత



మదనపల్లె, పుంగనూరు, కుప్పము ప్రాంతములలోని చెరువులు ముఖ్యముగా వానల మీద ఆధారపడినవి. 2025 ఆగస్టులో హంద్రీ-నీవా కాలువ ద్వారా కృష్ణా జలములు కుప్పము చేరినవి. అయినను ప్రతి చెరువులోను ఏడాది పొడుగున నీరుండునని తలంపరాదు. నీరు ఆరేడు మాసములే నిలుచు చెరువులో చేప ఆ గడువులోనే అమ్మకపు బరువునకు రావలెను. లేనియెడల చిన్న చేపలను అయినకాడికి అమ్ముకొనవలసి వచ్చును. అందుచేతనే చేపలను త్వరగా పెంచు మూలికలు కలవనిన రైతు ఆశతో వినును. ఆ ఆశలో నిజమెంతయో నేడు విచారింతము.

మొదట మేత సంగతి. బొచ్చె, శీలవతి, ఎర్రమోసు చేపలకు తవుడును, వేరుశనగ చెక్కయును సమపాళ్లలో కలిపి పెట్టుట అలవాటు. వేరుశనగ మన మెట్టపంటయే గనుక చెక్కకు కొదువ లేదు. పట్టుగూళ్ల నుండి దారము తీయగా మిగిలిన ప్యూపాను ఎండబెట్టి పొడిచేసిన, మాంసకృత్తులు మెండుగా గల మేత యగును. చేపల మొత్తము బరువులో నూటికి 2 నుండి 5 వంతుల మేత దినమునకు చాలును. చలికాలమున చేప తక్కువ తినును. అపుడు మేత తగ్గింపవలెను. చిల్లులు పెట్టిన సంచులలో మేత నింపి గుంజలకు కట్టు కొల్లేటి పద్ధతి వలన మేత వృథా కాదు.

ఇక మూలికలు. వెల్లుల్లి, పసుపు, మెంతులు, మునగాకు మున్నగునవి ఆకలిని, జీర్ణశక్తిని, రోగమునకు తాళుకొను శక్తిని పెంచునని అనేక దేశములలో పరీక్షలు జరుగుచున్నవి. మన దేశమున 2007, 2008 సంవత్సరములలో ప్రచురితమైన పరిశోధనలలో శీలవతి పిల్లలకు వెల్లుల్లి, పసుపు, మామిడి జీడి పొడులను మేతలో కలిపి 60 దినములు పెట్టి చూచిరి. పిదప రోగక్రిమిని ఎక్కింపగా, పొడి తినిన పిల్లలు ఎక్కువగా బ్రతికినవి. మామిడి జీడి విషయమున కిలో మేతకు 10 గ్రాముల కంటె 5 గ్రాములే మెరుగని తేలినది. ఎక్కువ వేసిన ఎక్కువ మేలని భ్రమపడరాదు. మామిడి తోటలు గల మనకు టెంకలు కొనవలసిన వస్తువు కావు.

ఒక లెక్క చూడుడు. చెరువులో 100 కిలోల చేపలున్నవనుకొనుడు. నూటికి 3 వంతున దినమునకు 3 కిలోల మేత. కిలోకు 5 గ్రాముల చొప్పున 15 గ్రాముల పొడి. 60 దినములకు 900 గ్రాములు మాత్రమే. చేప పెరిగిన కొలది లెక్క సవరింపవలెను. మూలికను నీడన ఆరబెట్టి, మెత్తగా దంచి, తవుడుతో బాగుగా కలిపి, గంజితో ముద్దచేసి పెట్టవలెను. పొడిని నీటిలో చల్లిన చేప కడుపునకు చేరదు.

చెట్టు నుండి వచ్చినదంతయు మేలు చేయునని నమ్మరాదు. పనికిరాని చేపలను చంపుటకు వాడు ఇప్పపిండియు చెట్టు సరకే గదా! అది వేసిన రెండు మూడు వారముల వరకు చేపపిల్లలను వదలరాదు. వేపయు మితిమీరిన చేపకు విషమే. బూజుపట్టిన వేరుశనగ చెక్క మరింత ప్రమాదకరము. 1960లో ఇంగ్లండున అట్టి చెక్క తినిన సీమకోళ్లు లక్షకు పైగా చచ్చినవి. ఆఫ్లటాక్సిన్ అను విషము అప్పుడే బయటపడినది. బూజుచెక్కలో ఎన్ని మూలికలు కలిపినను ఆ విషము పోదు.

కనుక పొట్లము మీది మాటలను నమ్మి ధనము వెచ్చింపకుడు. ఒకే చెరువులో రెండు వలదొడ్లు కట్టి, ఒకే ఈడు, ఒకే బరువు గల పిల్లలను చెరి 50 వదలుడు. ఒకదానికి మామూలు మేత, రెండవదానికి మూలిక కలిపిన మేత సమముగా పెట్టుడు. పదునైదు దినములకొకసారి తూచి వ్రాసికొనుడు. రెండు మాసములలో అదనముగా వచ్చిన బరువు విలువ, మూలికకైన ఖర్చును మించినచో ఆ పద్ధతిని చెరువంతటికి వర్తింపజేయుడు, మించనిచో మానుడు.

వాన పడిన వెంటనే వేలెడు పిల్లలకు బదులు ఏడాది యీడు పిల్లలను వదలుట, మంచి మేత పెట్టుట, నీటిని శుభ్రముగా ఉంచుట - ఈ మూడును పునాది. మూలిక వీటికి తోడు మాత్రమే. పునాది గట్టిదైన చెరువులో చిటికెడు పొడి సాయపడవచ్చును. పునాది లేని చెరువును బస్తాడు పొడియు నిలుపజాలదు. మీ గ్రామ మత్స్య సహాయకుని సంప్రదించి, ఈ ఏడే ఒక చిన్న పరీక్ష చేసి చూడుడు.