బండిమీది పేరు

ఎండలు ముదురుకొలది గుంటూరు మిరప యార్డుకు పోవు బాటలన్నియు ఎఱ్ఱబడును. చిలకలూరిపేట, నరసరావుపేట, ఒంగోలు వైపులనుండి టిక్కీలు నింపుకొని వచ్చు లారీలను, ట్రాలీ ఆటోలను గమనించినచో ఒక్కొక్కదానిపై ఒక్కొక్క పేరు కనబడును. తెలియని డ్రైవరు వచ్చినను, తలుపుపై తెలిసిన దుకాణము పేరున్నచో రైతు నమ్మి సరుకు ఎక్కించును. కనుక బండిమీది పేరు అలంకారము కాదు. అది వ్యాపారి పరపతి.

పూర్వము ఈ పేరును పెయింటరు కుంచెతో వ్రాసెడివాడు. బండి పాతబడువరకు అది అట్లే ఉండెడిది. ఇప్పుడు బండి ఒకరిది, బాడుగ మరియొకరిది. పత్తి తీతల కాలమున జిన్నింగు మిల్లుకు, మిరప కాలమున కమిషను వ్యాపారికి, తొలకరికి విత్తనముల దుకాణమునకు తిరుగు బండి ఒక్కటే కావచ్చును. అట్టి బండికి అయస్కాంత ఫలకము అనువైనది. మన పెద్దలు సూదంటురాయి అనిన వస్తువునకు ఇది దూరపు చుట్టము. ఫెర్రైటు అను ఇనుప సమ్మేళనపు పొడిని రబ్బరులోగాని ప్లాస్టిక్కులోగాని కలిపి పలుచని రేకుగా చేసి, ఒకవైపు పేరు అచ్చువేసెదరు. మేకు అక్కరలేదు, జిగురు అక్కరలేదు. తలుపునకు ఆనించిన చాలును.

అయితే ఆనించు చోటు ఎరుగవలెను. ఇది ఉక్కు రేకును పట్టుకొనును. అల్యూమినియమును, ఫైబరును, చెక్క బాడీని పట్టుకొనదు. సొట్ట తీసి లప్పము పూసిన చోట పట్టు సడలును. చదునైన చోట ఫలకము మొత్తము ఆనవలెను. ఒక మూల లేచినను రహదారి వేగమునకు గాలి దూరి ఊడదీయును. అది ఎగిరి వెనుక వచ్చు మోటారు సైకిలువాని మొగమున పడిన ఏమగునో వేరుగ చెప్పనక్కరలేదు. నంబరు పలకను, దీపములను ఎన్నడును కప్పరాదు. క్రొత్తగా రంగు వేసిన బండి అయినచో, రంగు బాగుగ గట్టిపడువరకు ఆగవలెను.

మన సీమలో దీనికి పెద్ద శత్రువు దుమ్ము. నల్లరేగడి ధూళి, పత్తి నూగు, మిరప పొడి ఫలకము క్రిందికి చేరి, బండి కుదుపులకు గరుకు కాగితమువలె రంగును గీయును. వాన తడి అచ్చటనే నిలిచినచో రంగు పొంగును. గీతపడిన చోట తుప్పు పుట్టును.

మాకు తెలిసిన ఒక దుకాణదారు రెండు వేసవులు ఫలకమును కదల్పలేదు. బండి అమ్మజూపిన నాడు తీయబోగా అంచులు రంగును పెచ్చులుగా ఊడదీసికొని వచ్చినవి. చుట్టును వెలిసిన నీలము, నడుమ ముదురు నీలపు పలక, దానినిండ గీతలు. కొనవచ్చినవాడు వ్రేలితో చూపి ధర తగ్గించెను. “తీయుటకు వీలని కదా దీనిని కొంటిని!” అని ఆయన వాపోయెను. వీలు ఉన్నది, తీసినవారే లేరు.

కనుక రాత్రి బండి నిలిపిన పిమ్మట ఫలకమును తీయుట మేలు. ఒక మూలనే పట్టి లాగక, రెండు అంచులను మెల్లగా లేవనెత్తవలెను. తలుపును, ఫలకపు వెనుకభాగమును పలుచని సబ్బునీటిలో ముంచిన మెత్తని గుడ్డతో తుడిచి, రెండును పూర్తిగా ఆరిన తరువాతనే మరల పెట్టవలెను. పెట్రోలు, కిరోసిను తగిలింపరాదు. ఫలకమును నీడపట్టున బల్లపై చదునుగా పరచవలెను; మడువరాదు. చుట్టక తప్పనిచో అచ్చు వెలుపలికి వచ్చునట్లు వదులుగా చుట్టవలెను.

ఇంకొక్క మాట. బాడుగ ముగిసిన నాడు ఫలకము దుకాణమునకు తిరిగి చేరవలెను. ఒకరి పేరుతో మరియొకరి పనికి బండి తిరిగినచో, ఆ పేరును నమ్మి టిక్కీలు ఎక్కించిన రైతు మోసపోవును. పేరుగల వ్యాపారి మాట పడును. శ్రోతలారా, ఈ ఫలకమును అంటించుటకు నిమిషము చాలును. వేళకు తీయుటలోనే దాని మన్నిక, దానిమీది పేరుయొక్క మర్యాద రెండును ఉన్నవి.