పోవుట వేరు, పంపబడుట వేరు

(సోమశిలలో జరిగిన కుటుంబ కూటమునందు చేసిన ప్రసంగ పాఠము)



ఈ శతాబ్ది సంవత్సరములో కూడుకొనిన చోటనెల్ల మన యొద్దకు వచ్చినవారిని గూర్చి కృతజ్ఞతతో చెప్పుకొనుచున్నాము. మన యొద్దనుండి వెళ్లువారిని గూర్చియు నేడు తలంచుకొందము. ఆత్మకూరు, ఉదయగిరి ప్రాంతముల సంఘములలో చదువుకొనిన యౌవన దంపతులు కొందరు విదేశములకు పోయి ఇంగ్లీషు బోధింపగోరుచున్నారు. "అయ్యగారూ, మేమిద్దరము పోవచ్చునా?" అని వారు మమ్మును అడుగుచున్నారు. "ముసలితనములో మమ్మును చూచువారెవరు అయ్యగారూ?" అని వారి తల్లిదండ్రులు అడుగుచున్నారు. రెండు ప్రశ్నలును న్యాయమైనవే. ఈ రెంటి నడుమ సంఘము మౌనముగా నుండరాదు.

ఊరు విడుచుట యనగానేమో సోమశిలవారికి మేము నేర్పనక్కరలేదు. పెన్నానదికి ఇచ్చట ఆనకట్ట కట్టినందున ఎగువనున్న కడప జిల్లా గ్రామములు అనేకము నీటిపాలాయెను. 78 టి.ఎం.సి.ల నీరు నిలుచు ఈ జలాశయము కొరకు ఎందరో ఇల్లును పొలమును విడిచిరి. ఉదయగిరి మెట్టలలో వాన తప్పిన యేడు జనులు పనికై బయలుదేరుట మనమెరిగినదే. కాబట్టి పోవుట తప్పు కాదు. ఎట్లు పోవుచున్నాము, ఎవరి తోడుతో పోవుచున్నాము అనునదే ప్రశ్న.

అపొస్తలుల కార్యముల 18వ అధ్యాయములో ఒక జంట కనబడును. క్లౌదియ చక్రవర్తి ఆజ్ఞవలన రోమా విడిచిన అకుల ప్రిస్కిల్లలు కొరింథునకు వచ్చి డేరాలు కుట్టి బ్రదికిరి. పిమ్మట ఎఫెసులో, విద్వాంసుడైన అపొల్లోను చేర్చుకొని మరి పూర్తిగా బోధించిరి. బోధించినది భర్త యొక్కడే యని లేఖనము చెప్పదు. ఇద్దరి పేర్లును అందులో వ్రాయబడియున్నవి.

మన నెల్లూరునుండియు ఇట్టి కుటుంబమొకటి సముద్రము దాటెను. ఆ సంగతి తెలియుటకు ముందు వేరొక ప్రయాణమును గూర్చి వినవలెను. 1860 నవంబరు 16న ట్రూరో అను ఓడ మద్రాసునుండి కూలీలను తీసికొని దక్షిణాఫ్రికాలోని డర్బను చేరెను. 1911లో ఆ పద్ధతి ఆగువరకు లక్షన్నరకు పైగా భారతీయులు నెటాలునకు పోయి చెరుకు తోటలలోను ఇతర పనులలోను పాటుపడిరి. వారిలో తెలుగువారు వేలమంది. వారిని తీసికొనిపోయినవారున్నారు గాని పంపినవారు లేరు.

1903లో తెలుగు బాప్తిస్టు సంఘములవారు జాన్ రంగయ్యగారిని ఆ జనుల యొద్దకు పంపిరి. ఉపాధ్యాయులైన రంగయ్యగారు భార్యాబిడ్డలతో నెటాలు చేరిరి. ఆ యేడు డిశెంబరు 27న కియర్స్‌నీలో మొదటి తెలుగు బాప్తిస్టు సంఘము ఏర్పడెను. 1915లో ఆయన ఆ దేశమందే కన్నుమూసిరి. ఆయనను గూర్చి మనవారు చెప్పుకొందురు గాని, పరదేశములో ఆ ఇల్లు నిలిపిన ఆయన సతీమణిని గూర్చి చెప్పుకొనునది తక్కువ. కూలీలు దాటినదియు, రంగయ్యగారి కుటుంబము దాటినదియు ఒకే సముద్రము. అయితే వీరి వెనుక ఒక సంఘముండెను. పోవుటకును పంపబడుటకును గల భేదమిదియే.

ఇంగ్లీషు బోధించుటకు మనవారు పోవుట క్రొత్త కాదు. ఇథియోపియాలో చక్రవర్తి హైలే సెలాసీ కాలమునుండి భారతీయ ఉపాధ్యాయులు బోధించిరి. మాల్దీవుల బడులలోను మనవారు పనిచేయుచు వచ్చిరి. కొన్ని దేశములు మాత్రము మాతృభాష ఇంగ్లీషైన వారినే కోరును. దక్షిణ కొరియా సంభాషణ బోధకులకిచ్చు వీసాకు ఏర్పరచిన ఏడు దేశములలో దక్షిణాఫ్రికా ఒకటి, భారతదేశము అందులో లేదు. నాడు మన తీరమునుండి కూలికిపోయిన తెలుగువాని మునిమనుమడు ఇంగ్లీషు గురువుగా ఆ దేశమునకు పోగలడు. అతని ఇంటిలో తెలుగు నిలిచినదా యనునది వేరు ప్రశ్న. దంపతులారా, బడిలో ఇంగ్లీషు చెప్పుడి. ఇంటిలో బిడ్డలతో తెలుగు మాటలాడుడి.

మీ యాసకు సిగ్గుపడకుడి. స్కూలును ఇస్కూలని పలికి, దిద్దుకొని నేర్చినవాడు శిష్యుని నాలుక ఎక్కడ తడబడునో ఎరుగును. అయితే బోధించుటకు ముందు నేర్చుకొనుడి. 1840లో నెల్లూరు చేరిన శామ్యూల్ డే దొరగారు అంతకుముందే విశాఖపట్టణమునందు తెలుగు నేర్చుకొన మొదలిడిరి. మీరు పోవు దేశపు భాషలో కనీసము నమస్కారమును కృతజ్ఞతను చెప్పనేర్వకయే ఆ బిడ్డలకు మన మాట నేర్పబూనుట సరికాదు.

ఇక సంఘ పెద్దలకు మూడు మనవులు.

మొదటిది, కాగితములు. 1983 వలస చట్టము ప్రకారము విదేశ ఉద్యోగములకు మనుష్యులను చేర్చు ఏజెంటుకు ప్రభుత్వ రిజిస్ట్రేషను ఉండవలెను. అది చూడక పైకము కట్టనియ్యకుడి. ఒప్పంద పత్రమును చదువుకొనినవారు ఇద్దరు ముగ్గురు కూర్చుండి దంపతులతో కలిసి చదువవలెను. జీతమెంత, ఇల్లెవరిది, తిరుగు ప్రయాణపు ఖర్చెవరిది, పాసుపోర్టు ఎవరి చేతిలోనుండును అని అడుగవలెను.

రెండవది, భార్య సంగతి. భర్తకు ఉద్యోగ వీసాయు, భార్యకు ఆశ్రితురాలి వీసాయు వచ్చినయెడల అనేక దేశములలో ఆమె జీతమునకు పనిచేయజాలదు. బి.ఎడ్. చదివిన ఆడబిడ్డను నాలుగు గోడల మధ్య కూర్చుండబెట్టుటకేనా పంపుచున్నాము? ఇద్దరి ఉద్యోగములును కాగితముమీద ఉన్నవో లేవో చూచి పంపుడి. ఆరాధనలో ప్రార్థించునప్పుడు ఇద్దరి పేర్లును ఎత్తి ప్రార్థించుడి.

మూడవది, వెనుక మిగిలిన తల్లిదండ్రులు. కుమారుడు పంపు సొమ్ము మందుచీటీకి సరిపోవచ్చును గాని రాత్రివేళ ఆత్మకూరు ఆసుపత్రికి తీసికొనిపోదు. ప్రతి ఇంటికి ఇద్దరేసి సంఘస్థులు బాధ్యత వహించవలెను. ఇది చేయలేని సంఘమునకు, "మా పిల్లలు మమ్మును మరచిరి" అని నిందించు హక్కు లేదు.

తల్లులారా, తండ్రులారా, మీ కన్నీటిని మేము తేలికగా నెంచుట లేదు. బిడ్డలను ఆపవలెనని గాని తోలివేయవలెనని గాని మేము చెప్పము. వారిమీద చేతులుంచి, పేర్లు వ్రాసికొని, పంపుడి. పంపినవారికే ఎదురుచూచు హక్కు కలుగును.

ప్రభువు వారి రాకపోకలయందు తోడైయుండునుగాక. ఆమేన్.