మిగిలిన కూర పారబోయకండి

ఈ వేళ కాస్త ఇబ్బందిగా ఉండే సంగతి ఒకటి చెప్పుకుందాం.

మన కర్నూలు, కడప పల్లెల్లో దేవర అంటే మీకు వేరే చెప్పాలా? ఇంటింటా పొట్టేలు, ఊరినిండా చుట్టాలు. సాయంత్రం వండిన కూర పెద్ద డేగిసాలోనే మూతపెట్టి ఉంచేస్తాం. పొద్దున్నే సంగటిలోకి అదే. సాయంత్రానికి పదిమందికి కడుపునొప్పి, విరేచనాలు. అప్పుడు ఇల్లాలు మొదట చేసే పని ఏమిటి? ఎవరూ చూడకముందే కూర దిబ్బలో పారబోసి, డేగిసా తోమి బోర్లించడం!

ఆమెను తప్పుపట్టలేం. "ఫలానా ఆమె చేతి కూడు తిని పడ్డారంట" అన్న మాట ఏళ్ళ తరబడి పోదు. కాని ఆ కూరతోపాటు సాక్ష్యమూ పోతుంది. అసలు తప్పు ఆమెది కాకపోవచ్చు కదా! కొన్న కోవాది కావచ్చు, నీళ్ళది కావచ్చు. 2021 ఏప్రిల్‌లో పాణ్యం మండలం గోరుకల్లులో, ఆదోనిలో జనం వాంతులు, విరేచనాలతో పడిపోయినప్పుడు అనుమానం తాగునీటి మీదికే వెళ్ళింది.

డాక్టరుగారు, నర్సమ్మ వచ్చి "ఏం తిన్నారు, ఎన్ని గంటలకు తిన్నారు, ఎప్పుడు మొదలైంది" అని గుచ్చి గుచ్చి అడిగితే విసుక్కోకండి. ఆ గంటల్లోనే గుట్టు ఉంది. తిన్న ఒకటి నుంచి ఆరు గంటల్లోపు వాంతులు పట్టుకుంటే, చేతి పుండు నుంచి కోవాలోకో పెరుగన్నంలోకో చేరిన క్రిమి విషం కావచ్చు. ఆ విషం తిరిగి కాచినా పోదు. ఎనిమిది నుంచి పదహారు గంటలకు కడుపునొప్పి, విరేచనాలు వస్తే, డేగిసాలో నిదానంగా చల్లారిన మాంసం మీదికి చూపు పోతుంది. ఆ క్రిమి బీజాలు ఉడుకుకు చావవు. కూర గోరువెచ్చగా ఉన్నంతసేపూ పెరుగుతాయి. అందుకే కూరను వెడల్పు పళ్ళాల్లోకి పంచి త్వరగా చల్లార్చాలి. వేలికి పుండున్నవాళ్ళు ఆ పూట వంట ముట్టకూడదు.

జబ్బుపడని వాళ్ళనూ అడుగుతారు. 1854లో లండన్‌లో కలరా వచ్చినప్పుడు జాన్ స్నో అనే డాక్టరు బ్రాడ్ వీధి పంపును అనుమానించాడు. దాని పక్కనే ఉన్న బీరు బట్టీ కూలీలకు మాత్రం కలరా రాలేదు. ఎందుకని? వాళ్ళు ఆ పంపు నీళ్ళు తాగలేదు, బీరు తాగేవారు. (మిమ్మల్ని తాగమనడం లేదు సుమా!)

కాబట్టి మిగిలినది ఎవరికీ పెట్టకండి, పారబోయకండి. కాచిన గరిటెతో కొంచెం మూత డబ్బాలోకి తీసి, వండిన వేళ రాసి, ఐసులోనో ఫ్రిజ్‌లోనో విడిగా ఉంచి నర్సమ్మకు ఇవ్వండి. ఈలోగా పడినవాళ్ళకు ఓఆర్ఎస్ నీళ్ళు కొంచెం కొంచెంగా పట్టండి. బిడ్డ మగతగా ఉన్నా, మూత్రం ఆగినా, మలంలో నెత్తురు పడినా వెంటనే 108కి ఫోను చేయండి.

చీటీ మీద తిన్నవాళ్ళ పేర్లతోపాటు తిననివాళ్ళవీ రాయండి. ఒక్కపొద్దు అని అత్తగారు మెతుకు ముట్టకపోయినా సరే, ఆమె పేరూ అందులో ఉండాలి.